కర్త లేని వాక్యం

“కాఫీ వచ్చింది,” అన్నాడు పెద్దాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

కాఫీకి కాళ్ళు లేవు. ఆమె తెచ్చింది. పాలు కాచింది. డాక్టర్ చెప్పాడు కాబట్టి పంచదార అర చెంచా తగ్గించింది. వంటగది నుంచి హాలుకి పదకొండు అడుగులు నడిచింది. ఎడమ పక్కన పెడితే మోచెయ్యి తగిలి ఒలుకుతుందని గ్లాసు ఆయన కుడిచేతి పక్కన పెట్టింది. ఇన్ని పనులు చేసి వెనక్కి తిరిగేసరికి వాక్యంలో మిగిలింది కాఫీ ఒక్కటే.

పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో కాఫీ వస్తూనే ఉంది. భోజనం అవుతుంది. బట్టలు ఆరతాయి, మడతలు పడతాయి. ఇల్లు శుభ్రంగా ఉంటుంది. పెద్దాయన ఆమెకి మామగారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిలో తెలుగు చెప్పి హెడ్మాస్టరుగా దిగిపోయిన మనిషి. కర్త, కర్మ, క్రియ అని నల్లబల్ల మీద గీతలు గీసి వేలమందికి నేర్పాడు. ఇంట్లో మాత్రం కర్త తనొక్కడే. క్రియ దానంతట అదే జరిగిపోతుంది. కర్మ ఆడవాళ్ళది.

ఆమె చేసే పని పుస్తకాలు దిద్దడం. సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్ళు రాతప్రతి తెచ్చి ఆమె చేతిలో పెడతారు. రిటైరైన గుమాస్తా కవిత్వం, బస్సు కండక్టరు నవల, ఒక నర్సు ముప్ఫై ఏళ్ళ వార్డు జ్ఞాపకాలు. వాళ్ళ వెనక ప్రచురణ సంస్థ లేదు. వాళ్ళ ముందు పేరు లేదు. రాయకుండా ఉండలేక రాసినవాళ్ళు. ఆమె ప్రతి పుస్తకాన్నీ మూడుసార్లు చదువుతుంది. మొదటిసారి చేతులు కట్టుకుని. రెండోసారి పెన్సిల్‌తో. మూడోసారి పైకి, ఎందుకంటే కన్ను క్షమించింది చెవి క్షమించదు. ఇదంతా భోజనాల బల్ల చివర. కాగితాలు ఎత్తి కంచాలు పెట్టాలి, కంచాలు ఎత్తి కాగితాలు పెట్టాలి, రోజుకి మూడుసార్లు. కాగితం మీద నూనె మరక పడితే రచయితకి సంజాయిషీ చెప్పుకునేదీ ఆమే.

“మా ఆవిడా? ఇంట్లో కూర్చుని కామాలు పెట్టుకుంటుంది,” అంటాడు భర్త స్నేహితులతో. వాళ్ళు నవ్వుతారు.

“వదినకేం, చదువుకోవడమే పని. నాకూ దొరికితే బాగుండు అలాంటిది,” అంటుంది ఆడపడుచు వచ్చినప్పుడల్లా, తాగిన గ్లాసు ఆమె చేతికి అందిస్తూ.

ఆమెకో అలవాటు ఉంది. కర్త లేని వాక్యం కనబడితే పక్కన చిన్న సున్నా చుట్టి “ఎవరు?” అని రాస్తుంది. ‘నిర్ణయం తీసుకోబడింది.’ ఎవరు? ‘తలుపు మూయబడింది.’ ఎవరు? రచయితలు మొదట విసుక్కుంటారు. తర్వాత కూర్చుని ఆలోచిస్తారు. ఆ ఒక్క మాటకి జవాబు వెతుక్కుంటూ కండక్టరు తన నవల చివరి అధ్యాయమంతా తిరగరాశాడు. తలుపు మూసింది తన కథానాయకుడేనని అప్పటిదాకా అతనికే తెలీదు. ప్రెస్సులో పేజీలు కట్టే ఆయన అయితే ఆమెకి పేరే మార్చేశాడు. ఫోన్ చేస్తే,

“ఎవరు?” అంటాడు.

“అవును, నేనే,” అంటుంది ఆమె.

“ఆఁ, చెప్పండి ఎవరు మేడమ్!”

రోజు మొత్తంలో ఆమె నవ్వేది ఆ ఒక్కసారే కావచ్చు.

పోయిన నెల భర్త ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“నాన్న ఆత్మకథ రాశారు. డెబ్బై ఐదో పుట్టినరోజుకి అచ్చయి రావాలి. సభకి హాలు కూడా మాట్లాడేశాను. నువ్వో చూపు చూసెయ్.”

“నర్సుగారి పుస్తకం చేతిలో ఉందండీ. నెలాఖరుకి ఇస్తానన్నాను.”

“ఆవిడెవరో బయటి మనిషి. ఇది ఇంటి పని. కామాలేగా?”

ఇంటి పని. ఆ మాట తగిలిన ఏ పనైనా పని కాకుండా పోతుంది. ఆమె కట్ట విప్పింది. పైన పుస్తకం పేరు పెద్ద అక్షరాలతో ఉంది: ‘ఒంటిచేత్తో’. రెండు వందల పన్నెండు పేజీలు. గుండ్రటి రాత. ఒక్క కొట్టివేత లేదు.

మొదటిసారి చేతులు కట్టుకుని చదివింది. వివాహం జరిగింది. సంతానం కలిగింది. ఇల్లు లేచింది. పిల్లలు ప్రయోజకులయ్యారు. ఆమె అత్తయ్య కోసం వెతికింది. అత్తయ్య పోయి ఆరేళ్ళు. బడి కట్టడానికి ఇటుకలు మోసిన ఎద్దుకి ఒక పేరా ఉంది. ఎద్దు పేరు కూడా ఉంది. అత్తయ్య నూట ఎనభయ్యో పేజీలో దొరికింది. ‘ఆ ఏడు వానాకాలంలో నా భార్య కాలం చేసింది.’

ఆ వాక్యం దగ్గర ఆమె ఆగిపోయింది. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కర్త ఉంది. క్రియ ఉంది. రెండు వందల పన్నెండు పేజీల్లో అత్తయ్య చేసిందని ఆయన ఒప్పుకున్న పని అదొక్కటే. కాలం చేసింది.

రెండోసారి పెన్సిల్ పట్టుకుంది. ‘తెల్లవారేసరికి నీళ్ళు కాగేవి.’ ఎవరు? ‘దూరం నుంచి వచ్చే విద్యార్థులకి మా ఇంట అన్నం ఉండేది.’ ఎవరు? ‘మా అమ్మకి మంచాన ఉన్న నాలుగేళ్ళూ ఏ లోటూ జరగలేదు.’ ఎవరు? తొంభై ఆరో పేజీకి వచ్చింది. ‘ఆ వేసవిలో ఆరువందల పరీక్ష పేపర్లు పది రోజుల్లో దిద్దబడ్డాయి. ప్రతి పేపరు చివరా పిల్లవాడి తప్పేమిటో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో ఎర్ర పెన్సిల్‌తో రాయబడింది. ఆ శ్రద్ధకే నాకు ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం లభించింది.’

ఎవరు?

ఈ జవాబు ఆమెకి తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం అత్తయ్య బఠాణీలు ఒలుస్తూ చెప్పింది. “ఎండాకాలమొస్తే ఆయనకి కళ్ళు మంటలే అమ్మాయ్. పేపర్లు తెచ్చి నా ముందు పడేసేవారు. అంట్లు తోముకుని కూర్చునేదాన్ని. ఎనిమిదో క్లాసుతో మానిపించారా నన్ను, పదో క్లాసు పేపర్లు దిద్దాను చూడు! మార్కులేసెయ్ చాలు అనేవారు. నాకు మనసొప్పేది కాదు. తప్పని గీత గీసి ఊరుకుంటే పిల్లాడికేం తెలుస్తుంది చెప్పు? కింద రెండు ముక్కలు రాసేదాన్ని. అచ్చం ఆయన రాసినట్టే. ఆయన రాత నాకొచ్చేసింది.” ఒక గింజ జారి కింద పడితే ఏరి గిన్నెలో వేసింది. “నా రాతే ఎవరికీ తెలీలేదు,” అంది. నవ్వుతూనే అంది.

తప్పని గీత గీసి ఊరుకోకూడదు. ఈ వృత్తిలో ఆమెకి తెలిసిందంతా ఆ ముక్కే. దాన్ని ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. బఠాణీల గిన్నె దగ్గర నేర్చుకుంది.

తొంభై ఆరో పేజీలో “ఎవరు?” అని రాసింది. మొత్తం నూట నలభై మూడయ్యాయి.

ఆదివారం పొద్దున భర్త కూడా ఇంట్లో ఉన్నప్పుడు కట్ట పెద్దాయన ముందు పెట్టింది. ఆయన పేజీలు తిప్పాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ తిప్పాడు.

“ఏంటమ్మాయ్ ఇది? దొంగలు పడ్డ ఇంట్లో కేకలేసినట్టు ఎవరు ఎవరు అని?”

“కర్త లేని వాక్యాలు మామయ్యగారూ.”

ఆయన నవ్వాడు. పాఠం మొదలుపెట్టే ముందు నవ్వే నవ్వు. “లేకపోవడం కాదమ్మా. అధ్యాహారం. చెప్పకపోయినా తెలిసిపోయేది. కాఫీ వచ్చింది అన్నాననుకో, నువ్వు తెచ్చావనేగా? దానికి మళ్ళీ చెప్పడమెందుకు?”

“చెప్పకుండా తెలియాలంటే ముందెక్కడో ఒకసారైనా చెప్పి ఉండాలి కదండీ. మీరు ఒక్కసారీ చెప్పలేదు.”

నవ్వు ఆగింది.

“కామాలు చూడమంటే కాపురాలు చూస్తున్నావేంటి?” అన్నాడు భర్త.

ఆమె తొంభై ఆరో పేజీ తీసి పైన పెట్టింది. “మిగతా నూట నలభై రెండూ తుడిపేస్తాను. ఇదొక్కటి మార్చండి. దిద్దబడ్డాయి అని వద్దు. నా భార్య దిద్దింది అని రాయండి. మూడు మాటలు.”

“అమ్మ దిద్దడమేంటి?” భర్త తండ్రి వైపు చూశాడు. అతనికి తెలీదు. ఆ పది రోజులూ అతను తల్లి పేపర్లు దిద్దిన గదిలోనే, అదే దీపం కింద బొమ్మలు గీసుకుంటూ కూర్చుని ఉంటాడు. అయినా తెలీదు.

పెద్దాయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడిచాడు. “నీకెవరు చెప్పారు?”

“దిద్దినావిడే.”

“అది బయటికి చెప్పేది కాదు. పరీక్ష పేపర్లు ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. నా శిష్యులంతా సభలో ఉంటారు. ఆ మూడు మాటలకి నా ముప్ఫై ఎనిమిదేళ్ళూ కొట్టుకుపోతాయి.”

“మర్చిపోయి రాయలేదనుకున్నాను. తెలిసే రాయలేదన్నమాట.” ఆమె గొంతు పెంచలేదు. “అయితే ఇది అధ్యాహారం కాదు మామయ్యగారూ. దీన్ని ఏమంటారో మీరే చెప్పాలి.”

ఆ మాట వ్యాకరణంలో లేదు.

“అమ్మ పోయి ఆరేళ్ళయింది,” అన్నాడు భర్త. “ఇప్పుడు ఆవిడ సంగతి ఎక్కకపోతే వచ్చిన నష్టమేంటి? తుడిపేసి ప్రెస్సుకి పంపించు. గొడవ వదిలిపోతుంది.”

ఆమె రబ్బరు తీసుకుని బల్ల చివర కూర్చుంది. భర్త చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, మాట జారడు. చెడ్డవాడైతే తేలికగా ఉండేది, నలుగురికీ చెప్పుకోవడానికి ఒక వాక్యం దొరికేది. మంచివాడి ఇంట్లో ఏమీ జరగదు, అన్నీ అవుతాయి. అత్తయ్యకి నలభై ఎనిమిదేళ్ళు అలా అయ్యాయి. తనకి పద్దెనిమిది అయ్యాయి. రేపెప్పుడో భర్త కూడా వాళ్ళ నాన్నలాగే బల్ల ముందు కూర్చుని ఒక పుస్తకం రాస్తే అందులో తనూ ఒక వానాకాలం కాలం చేస్తుంది. ఆమె దిద్దిన ప్రతి పుస్తకంలోనూ లోపలి మొదటి పేజీలో రెండు పేర్లుంటాయి, గ్రంథకర్త ఒకటి, పరిష్కర్త ఒకటి. రెండింటిలోనూ కర్త ఉంది. పరిష్కర్త అని తన పేరు పెడుతున్నదంటే, ఈ పుస్తకంలో ప్రతి వాక్యాన్నీ నేను అడిగాను, అది నాకు జవాబు చెప్పింది అని అర్థం. ముక్కూ మొహం తెలియని కండక్టరు దగ్గర ఆ మాట నిలబెట్టుకుంది. అత్తయ్య దగ్గర తప్పితే ఇంక ఆ పేరెందుకు?

మొదటి పేజీ నుంచి తుడవడం మొదలుపెట్టింది. కాగితం చిరగకుండా, పొడి విదిలిస్తూ. భర్త రెండుసార్లు వచ్చి చూసి, తృప్తిపడి వెళ్ళాడు. తొంభై ఆరో పేజీలోదీ తుడిచింది. అక్షరదోషాల దగ్గర పెట్టిన గుర్తులు తుడిచింది. కామాలు తుడిచింది. తన చెయ్యి పడిన ఆనవాలు ఎక్కడా మిగల్చలేదు. పేరుకి తగ్గట్టు, ఇప్పుడది నిజంగానే ఒంటిచేత్తో రాసిన పుస్తకం.

కట్ట కట్టి తీసుకెళ్ళి పెద్దాయన కుడిచేతి పక్కన పెట్టింది.

“అయిపోయిందా?” అన్నాడు భర్త.

“నేను దిద్దను.”

దిద్దను అంటే చాలు. తెలుగులో నేను అని విడిగా చెప్పక్కర్లేదు, క్రియ చివర నేను ఉండనే ఉంటుంది. ఆ సంగతి ఆ గదిలో అందరికంటే పెద్దాయనకే బాగా తెలుసు. అయినా ఆమె నేను అంది. ఆయన తల ఎత్తి చూశాడు.

“దిద్దకపోవడమేంటి?” భర్త లేచి నిలబడ్డాడు. “హాలు మాట్లాడేశాను, అందరికీ చెప్పేశాను. నువ్వు చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు?”

ఎవరు. ఆ ఇంట్లో ఒక పని ఎవరు చేస్తారని ఆమె పెన్సిల్ కాక ఇంకొకరు అడగడం అదే మొదటిసారి.

“నేనూ అదే అడిగానండీ,” అంది. “నూట నలభై మూడుసార్లు.”

బల్ల చివరికి వెళ్ళి కూర్చుని నర్సుగారి కట్ట విప్పింది. ఆగిన పేజీ దొరికింది. ‘ఆ రోజు నేను పన్నెండు మంచాల దుప్పట్లు మార్చాను,’ అని ఉంది. పెన్సిల్ పెట్టాల్సిన పని లేదు. పేజీ తిప్పింది. హాల్లో తండ్రీ కొడుకులు గొంతు తగ్గించి ఏదో మాట్లాడుకున్నారు, మానేశారు. పదకొండయింది. ఆయన రెండో కాఫీ వేళ. పదకొండుంబావయింది.

“కాఫీ రాలేదేం?” అని పెద్దాయన గొంతు వినిపించింది.

ఆమె కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

“వస్తే చెప్తాను మామయ్యగారూ.”