అత్తగారి డెస్క్‌టాప్

అత్తగారు ఒక వారపత్రికకు గళ్లనుడికట్టు కూర్చేవారు. ఇంట్లోని పాత డెస్క్‌టాప్ కొన్నాళ్లుగా ఆ పనికి మొరాయిస్తోంది. పొద్దున మీట నొక్కి, స్నానం ముగించుకుని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది.

"అమ్మా, దీని పని అయిపోయింది. కొత్తది కొనేద్దాం," అన్నాడు కొడుకు.

"నా పజిళ్లన్నీ అందులోనే ఉన్నాయిరా. అయినా నా చేతికి ఇదే అలవాటు," అన్నారు ఆవిడ బింకంగా.

కోడలు వాళ్ల వాదనలో తలదూర్చలేదు. తిన్నగా వెళ్లి కంప్యూటర్ డబ్బా మూత విప్పింది. ఫ్యాన్ రెక్కలకు దుమ్ము దూదిలా పట్టి ఉంది. దాన్ని దులిపి, మిగతావన్నీ పరీక్షించి చూసింది.

"హార్డ్ డిస్క్ ఒక్కటే ముసలిదైపోయింది అత్తయ్యా. అది మారిస్తే చాలు."

"ముసలిదాన్నయ్యానని రేపు నన్నూ మారుస్తావా ఏంటి?"

"మిమ్మల్నా? మీ స్పేర్ పార్ట్‌లు ఎక్కడా దొరకవు!"

అత్తగారు పకపకా నవ్వేసి, సరేనన్నారు.

ఆదివారం కోడలు ముందుగా పజిళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పాత డిస్క్ తీసి కొత్తది బిగించింది. అన్నీ సర్దాక అత్తగారిని పిలిచింది. ఆవిడ మీట నొక్కి, అలవాటుకొద్దీ కుర్చీలోంచి లేవబోయారు. అంతలోనే తెర వెలిగి పజిళ్లన్నీ ప్రత్యక్షమయ్యాయి.

"అమ్మో! దీనికింత తొందరేమిటే?" అంటూ చప్పట్లు కొట్టారు.

"ఏదీ, ఒకసారి జరుగమ్మా," అని కొడుకు దాన్ని ఆపి, మళ్లీ మీట నొక్కాడు. నమ్మకం కుదరక ఇంకోసారి అలాగే చేశాడు. మళ్లీ చెయ్యి చాచబోతే ఆవిడ ఆ చేతి మీద చిన్నగా ఒక్కటి వేశారు.

"చాల్లే, లే! నాకు బోలెడు పనుంది."