సుగుణ పిలుస్తోంది, చూస్తారా

స్కైపే నయమట, బొమ్మ చెదరదట, మాట నూతిలోంచి వచ్చినట్టు ఉండదట, పవర్‌పేటలో నెట్ సెంటర్ నడిపే అహ్మద్ గారు చెప్పారు, యాహూలో అయితే అవతలి మనిషి నవ్వింది మనకి కనబడేసరికి అక్కడ వాళ్ళు నవ్వడం మానేసి భోజనానికి లేచిపోతారండీ అన్నారు, నిన్న ఆయన మాటకి నేనూ నవ్వాను, కానీ ఇవాళ శుక్రవారం, ఇవాళ నవ్వు రాదు, డౌన్‌లోడ్ అవుతోంది, ఆకుపచ్చ గీత ఇంకా సగమైనా రాలేదు, కానీయ్ తల్లీ, మూడు కాకుండానే కానీయ్, మూడయిందంటే తలుపు తట్టిన చప్పుడు వస్తుంది, యాహూలో మనవాళ్ళెవరైనా వస్తే అలా టకటకమంటుంది, మొదట్లో ముచ్చటేసేది, పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తేదాన్ని, ఎవరొస్తారు, అక్కే, నా జాబితాలో ఉన్నదే ఒక్క పేరు, సుగుణ, మస్కట్‌లో ఫణి బావ శుక్రవారం భోంచేసి పడుకోగానే వచ్చి కూర్చునేది, కందిపొడి అయిపోయిందే ఇందూ అనేది, జుట్టు ఊడిపోతోందే అనేది, కెమెరాకి తల ఆనించి మరీ చూపించేది, ఇప్పుడా పేరు వెలిగితే నాకు భయం, ఎందుకంటే మా అక్క మాఘమాసంలో చచ్చిపోయింది, ఇప్పుడు జ్యేష్ఠం.

జ్వరమే అన్నారు, ఆసుపత్రికి తన కాళ్ళతో తాను నడిచి వెళ్ళిందట, తిరిగి పెట్టెలో వచ్చింది, పెదపాడులో మా చేపల చెరువు గట్టు మీదుగానే మోసుకెళ్ళారు, పొగ లేవడం మా పుట్టింటి దగ్గర్నుంచి నా కళ్ళతో నేను చూశాను, మరి ఎవరు తడుతున్నారు, కర్మలన్నీ అయిపోయి నేను ఏలూరు వచ్చేశాక ఓ శుక్రవారం అక్కతో దిగిన ఫొటోలు చూసుకుందామని కంప్యూటర్ పెట్టాను, టకటకమంది, బూడిదరంగులో పడి ఉన్న పేరు పసుప్పచ్చగా వెలిగింది, వెనకాలే చిన్న పెట్టె, సుగుణ తన కెమెరా చూడమని పిలుస్తోంది, చూస్తారా, వద్దా, ఇంగ్లీషులోనే ఉంది గానీ నాకు అక్క గొంతుతోనే వినబడింది, వద్దు నొక్కాను, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వద్దు, మళ్ళీ వస్తే లేచి వెళ్ళి గోడ దగ్గర స్విచ్చే కట్టేశాను, ఆ వేళ నుంచీ ప్రతి శుక్రవారం ఇదే తంతు, కంప్యూటర్ పెట్టకుండా ఉందామనుకుంటాను, పెట్టకుండా ఉండలేను, పెట్టి వద్దు నొక్కుతాను, మా ఆయనకి చెప్పలేదు, చెబితే ఎవడో పాస్‌వర్డు కొట్టేశాడు లెద్దూ అని పేపరు తిప్పుతాడు, అమ్మకి చెబితే అన్నం మానేస్తుంది, శేషారత్నం అత్తయ్యకి అసలు చెప్పనక్కర్లేదు, నేననుకుంటూనే ఉన్నానే అంటుంది.

అసలు నాకీ భయం పెట్టిందే మా మేనత్త శేషారత్నం, బావా, బాలా మస్కట్ తిరిగి వెళ్ళే రోజు, కారు గేటు దగ్గర ఉంది, బాల అక్క కూతురు, ఆరేళ్ళది, మా నాయనమ్మ బాలాత్రిపురసుందరి పేరంతా దాని నెత్తిన పెట్టాం గానీ అది మోసేది బాల అన్నంతవరకే, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తాను పిన్నీ అంది, అక్క నేర్పిన మర్యాద, ఎవరింటి నుంచి కదిలినా వెళ్ళొస్తానని చెప్పాలి, వాళ్ళు వెళ్ళిరామ్మా అనేదాకా మెట్టు దిగకూడదు, అత్తయ్య ఒక్క అంగలో వచ్చి దాని నోరు మూసేసింది, చావింట్లో ఆ మాట అనకూడదే అమ్మా, అంటే మళ్ళీ ఇలాంటి పని మీదే రావాల్సొస్తుంది, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవాలి అంది, అత్తయ్య తప్పేముంది, అందరూ చేసేదే, ఎవరింట్లోనైనా అలాగే వచ్చేస్తాం, కానీ బాల మెట్టు దిగలేదు, అత్తయ్య అరచేతి మీంచి నాకేసే చూస్తూ నిలబడింది, నేనేమైనా అంటానేమోనని, నేను తల తిప్పుకున్నాను, బావ ఎత్తుకుని కార్లో కూర్చోబెట్టాడు, బాల ఆ మాట అననే అంది కదా, దాన్ని పట్టుకుని అక్క తిరిగొస్తుందేమోనని నాకు ఆ రాత్రే మొదలైంది, చదువుకున్నదాన్నే, బీఎస్సీ, ఏం లాభం.

పొద్దున బావ ఫోన్ చేశాడు, బాల ఎవరితోనూ మాట్లాడ్డం లేదు ఇందూ అన్నాడు, శుక్రవారం అయితే సుగుణ గదిలో దూరి తలుపేసుకుంటోంది, నేను నిద్ర లేచేసరికి బుగ్గల మీద చారలుంటాయి, అడిగితే చెప్పదు, నువ్వు కాస్త కనబడి మాట్లాడితే బాగుంటుందేమో, ఆ పాత యాహూ వద్దు, దాన్లో సుగుణ పేరు చూస్తే నాకే గుండె జల్లుమంటోంది, సాయంత్రం తీసేస్తాను, స్కైప్ పెట్టుకో, కొత్తగా మొదలెడదాం అన్నాడు, సరే బావా అన్నాను, పిల్ల సంగతి సగమే విన్నాను, యాహూ తీసేస్తానన్న ముక్క మాత్రం పూర్తిగా విన్నాను, ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను, సాయంత్రం నుంచి ఆ పేరు ఇక వెలగదు, ఆకుపచ్చ గీత సగం దాటింది, కిటికీలోంచి వేడిగాలి, రైలు కూత, గోడ మీద మూడయింది.

టకటక. వచ్చేసింది, పసుప్పచ్చగా వెలిగింది, పెట్టె తెరుచుకుంది, సుగుణ పిలుస్తోంది, చూస్తారా, నా వేలు అలవాటుగా వద్దు మీదికే పోయింది, పోయి ఆగింది, ఎందుకంటే ఇదే ఆఖరుసారి, సాయంత్రానికి ఈ పేరు ఉండదు, నాకు కావలసింది అదే కదా, మరి వేలెందుకు ఆగింది, చిన్నప్పుడు కొల్లేటి ఒడ్డున కిక్కిస గడ్డిలో దాక్కుని అక్క మూలిగేది, దయ్యమనుకుని దాన్ని అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాను ఓసారి, చీకటి పడ్డాక ఒంటినిండా గీరుకుపోయి వచ్చింది, కోప్పడలేదు, దయ్యాన్నయితే మాత్రం నీ అక్కని కాకుండా పోతానా పిరికిదానా అంది, నిజమే కదా, దయ్యమైతే మాత్రం, వచ్చింది నాకోసమే కదా, ఇన్ని వారాలు పిలుస్తోంది, దాన్ని చూడాలని నాకు ఎంతుందో, భయం కన్నా ఎక్కువుంది, చూస్తాను నొక్కాను.

నల్లగా ఉంది, తర్వాత గళ్ళు గళ్ళుగా గోడ, అక్క కుర్చీ, కుర్చీ వీపు మీద అక్క ఆకుపచ్చ శాలువా, మనిషి లేదు, ఖాళీ కుర్చీ చూడమని పిలిచిందా అనుకున్నాను, అప్పుడు బొమ్మ అడుగున ఏదో కదిలింది, నల్లగా, మధ్యలో వంకర పాపిడి, రెండు పక్కలా రెండు పిలకలు, కెమెరా అక్క ఎత్తుకి పెట్టి ఉంది, అక్క ముఖం ఉండవలసిన చోట గోడ ఉంది, బాల దానికి అందలేదు, పాపిడి మాయమైంది, దిండు ఒకటి వచ్చింది, దిండు మీదికి మోకాళ్ళు, చివరికి ముఖం, అక్క పెట్టుకునే హెడ్‌ఫోన్ చెవుల మీంచి జారిపోతోంది, మైకు బొమ్మ నొక్కాను, పెదవులు ముందు కదిలాయి, మాట తర్వాత వచ్చింది, పిన్నీ, ఎన్నిసార్లు కొట్టాను, తలుపు తీయవేం అంది, నాకు ఈ బొత్తాలే తెలుసు, అమ్మ ఇవే నొక్కేది అంది, ఆ రోజు మామ్మ నోరు మూసేసి చెప్పనివ్వలేదు కదా, అందుకని చెబుదామని, వెళ్ళొస్తాను పిన్నీ.

వెళ్ళిరామ్మా అంటానని చూస్తోంది, ఆ రోజు గుమ్మంలో చూసినట్టే, పాస్‌వర్డు దొంగా లేడు, దయ్యమూ లేదు, అక్క రాలేదు, ఇక రాదు, అక్క పేరుతో నన్ను పిలవడానికి ఈ లోకంలో మిగిలింది ఈ ఒక్కతే, ప్రతి శుక్రవారం నేను వద్దు వద్దని గుమ్మంలోనే నిలబెట్టింది దీన్నే, ఆకుపచ్చ గీత నిండింది, స్కైప్ పెట్టమంటారా అని అడుగుతోంది, ఉండనీ, బావకి ఫోన్ చేసి యాహూ తీయొద్దని చెప్పాలి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎక్కడికే వెళ్ళేది, ఇప్పుడేగా వచ్చావు, కూర్చో అన్నాను.