మాట మింగిన నీళ్ళు

ఎల్‌బీ నగర్‌లో గంగాధరరావు గారి ఇంటి వెనక ఓ ఈతకొలను ఉంది. కృష్ణా కాలవల్లో ఈదులాడి పెరిగిన మనిషి. హైదరాబాదొచ్చి ఇల్లు కట్టుకుంటూ, ముందు కొలను తవ్వించి ఆ తర్వాతే గోడలు లేపాడు. రోజూ పొద్దున్నే ఆయన భార్య ఇంద్రాణి గాజు గొట్టంలో ఆ నీళ్ళు ముంచి, గొట్టంలో క్లోరిన్‌కొకటి, పీహెచ్‌కొకటి ఉన్న రెండు గదుల్లోనూ చుక్కల మందు వేసి, రంగు చూసి గానీ కాఫీ పెట్టేది కాదు. ఇంట్లో అరుచుకుంటే క్లోరిన్ పడిపోయేది. ఎవరైనా చెప్పాల్సిన మాట మింగేస్తే పీహెచ్ పడిపోయేది. ఎర్రగా తేలాల్సిన నీరు పసుపుగా తేలేది, కొలను పులిసి కళ్ళు మండేవి. నీళ్ళన్నాక అంతేగా మరి! సోడా పొడి పోస్తే ఓ పూట ఆగేది గానీ, మాట బయటపెడితేనే ఎరుపు తిరిగొచ్చేది.

ఆ జనవరిలో ఊరు ఊరంతా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుండేది. తెలంగాణ ఇస్తామన్న ఢిల్లీవాళ్ళు పక్షం తిరిగేసరికి వెనక్కి తగ్గారు. ఎప్పుడు చూడు బంద్. బంద్ రోజున కూడా జానయ్య నడుచుకుంటూ పనికొచ్చాడు. నల్గొండ మనిషి, కొలను కట్టినప్పట్నుంచీ నీళ్ళ పని అతనిదే.

"అమ్మా, మళ్ళ పసుపే. సోడా పోసుడే గాని ఫాయిదా లేదు."

"అయ్యో రాత! ఎవరు ఏం మింగారో ఏమో," అంటూ ఇంద్రాణి ఇంట్లోవాళ్ళని గట్టు మీదకి పిలిచింది.

అత్తగారు శేషారత్నం తల వంచుకుంది. "జాంగ్రీ తిన్నానే. షుగరుందని తెలిసీ తిన్నాను."

పసుపు కదల్లేదు. గంగాధరరావు గొంతు సవరించుకున్నాడు. "ఇల్లు చూడ్డానికి ఒకాయన్ని రమ్మన్నాను. మనమింక ఇక్కడ ఉండలేం ఇంద్రా. బెజవాడ పోదాం."

"నాతో ఒక్క మాటైనా అనకుండానా? నేను రాను. పోతే మీరొక్కరే పొండి!"

ఆ కేకలకి ఆమె చేతిలోని గొట్టంలో, క్లోరిన్ గదిలో ఉన్న కాస్త రంగూ వెలిసిపోయింది. పక్క గదిలో పసుపు మాత్రం పసుపే. గొట్టం విసిరికొడదామన్నంత కోపం వచ్చింది ఇంద్రాణికి. అప్పుడు పడింది చూపు జానయ్య మీద. గొంతుక్కూర్చుని, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టి సోడా కలుపుతున్నాడు. భుజాలు వణుకుతున్నాయి. ఇన్నేళ్ళలో అతన్ని ఎవరూ ఏం మింగావని అడిగిన పాపాన పోలేదు. నీళ్ళు ఇంటివాళ్ళ మాటే వింటాయనుకున్నారు. అతనూ అలాగే అనుకున్నాడు.

"జానయ్యా, నువ్వు చెప్పు."

"నాదేముందమ్మా?"

"చెప్పు ముందు!"

"నా బిడ్డ జ్యోతిక సైదాబాద్‌ల రూమ్ తీస్కొని కోచింగ్‌కు పోతది గదా. నిన్న మాపటికి ఫోన్ జేసింది. 'తెలంగాణ ఒచ్చినంక నన్ను యాది జేసుకో నాయినా' అన్నది. పొద్దుగాల్నించి ఫోన్ ఎత్తుతలేదు. ఆడికి పోదామనే ఎల్లిన. పోయి ఏం జూడాల్సొస్తదో అని భయమైంది. కాళ్ళు ఇటు దెచ్చినయ్." చెయ్యి నీళ్ళలోంచి తియ్యకుండానే ఏడ్చాడు. "మీరు ఆంధ్రోళ్ళు. మీకెట్ల జెప్పాలె సారూ?"

గంగాధరరావు అప్పటికే కారు తాళాల కోసం పరిగెత్తుతున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డుకి అడ్డంగా కూర్చున్నవాళ్ళు కారాపారు. "జై తెలంగాణ అనుండ్రి సార్, పోనిస్తం." గంగాధరరావు నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. వెనక సీట్లోంచి జానయ్య ఏడుపు వినబడుతోంది. "జై తెలంగాణ!" అని గొంతు పగిలేలా అరిచాడు. దారిచ్చారు.

సైదాబాద్‌లో తలుపు పగలగొట్టారు. పిల్ల బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని దవాఖానలో చెప్పారు.

బతికిందన్న మాటే గానీ, దవాఖాన నుంచి వచ్చాక కూడా నోరు విప్పలేదు, మెతుకు ముట్టలేదు. ఏం చెయ్యాలో తోచక జానయ్య ఆమెని కొలను దగ్గరికి తీసుకొచ్చాడు. జ్యోతిక గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. ఎన్నడూ లేనంతగా పులిసిపోయాయి నీళ్ళు. ఇల్లు చూడ్డానికొచ్చినాయన ఆ వాసనకి ముక్కు మూసుకుని, కొనే మాటే ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

జానయ్య సోడా డబ్బా ఎత్తబోయాడు.

"ఉండనీ," అంది ఇంద్రాణి. తనూ చీర కొంచెం ఎత్తి కాళ్ళు నీళ్ళలో పెట్టింది. పగిలిన మడమలు భగ్గుమన్నాయి. తియ్యలేదు. ఏమీ అడగలేదు. గోడ నీడ కొలను దాటేదాకా అలాగే కూర్చుంది.

"ఆంటీ," అంది జ్యోతిక, ఎంతోసేపటికి. "ఆకలైతుంది."

గొట్టం వైపు చూడకుండానే ఇంద్రాణి అన్నం తేవడానికి లేచింది.