చప్పుడు లేని తరగతి

పాలు పొంగే ముందు గిన్నె అంచున సన్నటి నురుగు కడుతుంది. ఆ నురుగు మీదే కళ్ళు నిలిపి ఆమె స్టవ్ పక్కన నిలబడి ఉంది. ఒకప్పుడైతే అటు తిరిగి కూరలు తరుగుతూ పాల సంగతి చెవికి వదిలేసేది. ఇప్పుడు వంటింట్లో ఏ పనికైనా కళ్ళే కాపలా. కుక్కరు మూత మీంచి చిమ్మే ఆవిరిని చూసి ఎన్ని విజిళ్ళయ్యాయో లెక్కపెట్టుకుంటుంది. ఎవరైనా తలుపు కొట్టారేమోనని మధ్యమధ్య వెళ్ళి తీసి చూసి వస్తుంది.

ముందు గదిలో భర్త కుట్టుమిషన్ మీద ఉన్నాడు. అతను దర్జీ, పనంతా ఇంట్లోనే. మిషన్ తిరుగుతోందన్న సంగతి ఆమెకి వంటగట్టు మీది గ్లాసులో నీళ్ళు వణకడాన్ని బట్టి తెలుస్తుంది. ఇప్పుడు నీళ్ళు నిలిచిపోయాయి. అతను వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఆమె తలెత్తేదాకా ఆగాడు. పెదవుల మధ్య పట్టుకున్న గుండుసూది తీసి చొక్కాకి గుచ్చుకుని, అప్పుడు మాట్లాడాడు.

"చీరల కింద దాచుకోడానికా దాన్ని కొన్నది?"

దాన్ని అంటే చెవి మిషన్‌ని.

"పెట్టుకుంటే రొద తప్ప మాట వినపడదు. బెంచీ జరిగిందంటే చెవిలో కత్తి పెట్టి తిప్పినట్టుంటుంది."

"అలవాటవుతుందని డాక్టరు చెప్పాడుగా."

"అలవాటయ్యేలోపు పెద్ద టీచరు కంట పడుతుంది. ఆవిడ తీసుకెళ్ళి పుస్తకాల గదిలో కూర్చోబెడుతుంది. ఇంతకాలం పాఠం చెప్పి, ఇప్పుడు పుస్తకాలకి అట్టలేసుకుంటూ కూర్చోమంటారా?"

"నీకు చెప్పేకంటే నా మిషన్‌కి చెప్పుకోవడం నయం. కనీసం సూదైనా తల ఊపుతుంది."

"ఊపుతుంది, ఆనక దారం తెంపుతుంది."

అతను నవ్వాడు. భుజాలు కదలడం చూసి ఆమె కూడా నవ్వింది. అన్నం డబ్బా సర్దుకుని, చీర కుచ్చిళ్ళు ఒకసారి సరిచూసుకుని బయల్దేరింది. రోడ్డు దాటేటప్పుడు ఇటూ అటూ, మళ్ళీ ఇటూ చూసింది.

బళ్ళో అందరూ ఆమెని పలకల టీచరంటారు. మూడో తరగతికి ఇంగ్లీషు చెబుతుంది. మిగతా గదుల్లో పలకలు పోయి చాలాకాలమైంది. ఆమె మాత్రం పట్టుబట్టి తెప్పించుకుంది. బోర్డు మీద ప్రశ్న రాస్తుంది. పిల్లలు పలక మీద జవాబు రాసి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటారు. ఆమె వరసల మధ్య నడుస్తూ, తప్పున్నచోట సుద్దముక్కతో చిన్న సున్నా చుడుతుంది. పిల్ల గబగబా చెరిపి, దిద్ది, మళ్ళీ ఎత్తుతుంది. ఎవరూ అరవరు, ఎవరూ ఎవర్నీ తోసుకోరు. సిగ్గరి పిల్లకీ, గడుగ్గాయికీ ఒకే వంతు. ఆ గదిలో సూది పడినా వినపడుతుందని పెద్ద టీచరు వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేది. సూది సంగతి వచ్చినప్పుడల్లా ఆమె చూపు తిప్పుకునేది.

మొదట్లో పాఠం పైకి చదివేది. తన గొంతు తనకే అందకుండా పోయాక అది హెచ్చిందో తగ్గిందో తెలియక, పక్క గదివాళ్ళు తొంగి చూసినప్పుడల్లా సిగ్గుపడి, కొంచెం కొంచెంగా మానేసింది. నోరు చేసే పని చెయ్యి చేసింది. పిల్లలు చక్కగా రాసేవారు, ప్రతి పరీక్షలోనూ ముందుండేవారు. ఇంకేం కావాలి?

ఆ రోజు పాఠం చప్పుళ్ళ గురించి. "బళ్ళో నీకేం వినిపిస్తుంది?" అని ఇంగ్లీషులో బోర్డు మీద రాసింది. పలకలు లేచాయి. గంట. కాకి. బంతి. ఒకడు పక్కవాడి గురక అని రాసి, పక్కవాడికి కనపడకుండా వంచి పట్టుకున్నాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ సున్నాలు చుడుతూ పోయింది. చివరి వరస మిగిలి ఉండగా గుమ్మంలో ఆఫీసు మనిషి చెయ్యి ఊపాడు. పెద్ద టీచరు రమ్మంటోంది.

పెద్ద టీచరు గదిలో లెక్కల టీచరు కూడా కూర్చుని ఉంది. బల్ల మీద మూడో తరగతి జవాబు కాగితాల కట్ట. బయటినుంచి మనుషులు వచ్చి పెట్టిన పరీక్ష అది. ఈసారి కొత్తగా రెండు భాగాలు కలిపారు. రికార్డు వినిపించి ప్రశ్నలు వెయ్యడం ఒకటి, ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడించడం ఒకటి.

"చదవడంలో, రాయడంలో మీ పిల్లలే బడి మొత్తానికీ ఫస్టు," అంది పెద్ద టీచరు. "వినడంలో, మాట్లాడడంలో బడి మొత్తానికీ ఆఖరు. ఇలా ఎక్కడైనా ఉంటుందా?"

"ఇళ్ళలో ఇంగ్లీషు ముక్క వినపడితేగా!" అంది లెక్కల టీచరు. "ఈ పిల్లలకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పాపం, ఈవిడ మాత్రం ఏం చేస్తుంది? నిరుడు పైతరగతికి వచ్చినవాళ్ళూ ఇంతే. బంగారంలాంటి పిల్లలు, నోరెత్తరు."

కొన్ని మాటలు పెదవుల మీద చాలా స్పష్టంగా కనిపిస్తాయి. ఆమె వాళ్ళతోపాటు నవ్వింది.

"వచ్చే ఏడాదికి సెక్షన్లు విడగొట్టాలి. తప్పినవాళ్ళని రెండో సెక్షన్‌లో వేసేద్దాం. ఎవరికి ఎక్కడ లోటుందో మీరే చూసి సాయంత్రానికి చెప్పండి. పుస్తకాల గదిలో కూర్చోండి, ప్రశాంతంగా ఉంటుంది. మీ క్లాసుకి కాపలా అక్కర్లేదులెండి."

రెండో సెక్షన్ అంటే ఏమిటో ఆమెకి తెలుసు. ఏ టీచరు సెలవు పెట్టినా ముందు ఖాళీగా వదిలేసేది ఆ గదినే. అందులో పడ్డ పిల్ల మళ్ళీ ఇటు వచ్చిన దాఖలా లేదు.

పుస్తకాల గదిలో పాత కాగితం వాసన. కిటికీకి తుప్పుపట్టిన మెష్. బల్ల మీద దుమ్ము చెంగుతో తుడిచి, కాగితాలు పరిచింది. బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో తప్పునీ ఏరుతూ మొదలుపెట్టింది. ముందు బెంచీలవాళ్ళవీ వెనక బెంచీలవాళ్ళవీ వేరు చేసి చూసింది. తేడా లేదు. చదువుకున్న ఇళ్ళ పిల్లలవీ చదువులేని ఇళ్ళ పిల్లలవీ వేరు చేసింది. నర్సు కూతురూ, బస్తాలు మోసేవాడి కొడుకూ అవే ప్రశ్నల దగ్గర ఆగిపోయారు. రాసే ప్రశ్నలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలు. వినే ప్రశ్నలన్నీ తెల్లకాగితం.

ఒక్క కాగితం మాత్రం మిగతావాటికి తిరగబడి ఉంది. సెలవుల తర్వాత వేరే బడినుంచి వచ్చి చేరిన పిల్లది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. రాసే భాగంలో సగం తప్పులు. వినే భాగంలో ఒక్క తప్పూ లేదు.

ఆమె ఆ కాగితం విడిగా తీసి పెట్టింది. తర్వాత, మాట్లాడించిన మనిషి అంచుల్లో పెన్సిల్‌తో రాసిన ముక్కలు చదివింది. పేరు అడిగితే బెంచీ మీద వేలితో రాస్తోంది. అడిగితే అరచేతిలో రాసి చూపిస్తున్నాడు. పలక అడుగుతోంది. వేలితో రాస్తోంది. ఒకరి తర్వాత ఒకరికి అదే మాట.

ఇంక మిగతావి తిప్పలేదు. లేచి వెళ్ళి, తరగతి గుమ్మంలోంచి కొత్తపిల్లని చేతితో పిలిచింది.

కొత్తపిల్ల పలక చంకన పెట్టుకునే బయల్దేరింది. "అదక్కడే పెట్టి రా," అంది ఆమె. పుస్తకాల గదిలో కిటికీ వెలుతురు మొహాన పడేలా నిలబెట్టింది.

"వినే ప్రశ్నలన్నీ నీకెలా వచ్చాయమ్మా?"

పిల్ల అలవాటుగా చేతులకేసి చూసుకుంది. పలక లేదు.

"నోటితో చెప్పు."

"మాట్లాడచ్చా టీచర్?"

"ఆఁ, మాట్లాడు. మెల్లగా."

"మా పాత బళ్ళో టీచర్ ఇంగ్లీషు పైకి చెప్పేది. మేమూ చెప్పేవాళ్ళం. ఇక్కడ చెప్పకూడదంట. వచ్చిన రోజే పక్కమ్మాయి చెప్పింది. మన టీచర్‌కి వినపడదు, మనకి తెలుసని తెలిస్తే బాధపడతారు, అన్నీ రాసి చూపించాలి అని."

ఆమె చెయ్యి బల్ల అంచు పట్టుకుంది.

"అందరికీ తెలుసా?"

"అందరికీ. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నారు." పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, టీచరు చూస్తోందని తీసేసింది. "పరీక్షకొచ్చిన టీచర్‌తో ఎవరూ మాట్లాడలేదు కదా, ఎందుకో తెలుసా? ఇంగ్లీషు టీచర్లెవరికీ వినపడదనుకున్నారు. ఇంగ్లీషంటే రాసేదేనంట! నేను కాదన్నా నమ్మలేదు."

అంది, నవ్వింది. తర్వాత ఆమె మొహం చూసి నవ్వు ఆపేసింది.

"తిడతారా టీచర్ వాళ్ళని?"

"లేదమ్మా. వెళ్ళు."

తానే దాచుకుంటున్నానని ఇన్నాళ్ళూ అనుకుంది. దాచింది పిల్లలు. వాళ్ళ మాటలన్నీ మింగేసి మరీ దాచారు. ఈ ఏడాది పిల్లలే కాదు. నిరుడు పైకి వెళ్ళినవాళ్ళు, అంతకుముందువాళ్ళు, నోరెత్తని ఆ బంగారంలాంటి పిల్లలు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. డబ్బా మూత తియ్యకుండానే మధ్యాహ్నం అయిపోయింది. మెష్‌లోంచి మైదానం కనబడుతోంది. పిల్లలు పరిగెడుతున్నారు. అందరి నోళ్ళూ బార్లా తెరిచి ఉన్నాయి.

ఈ ఫలితాల్ని ఉన్నదున్నట్టు అప్పగిస్తే చాలు. ఎవరూ ఏమీ అడగరు. తన గది తనకుంటుంది. పిల్లలు రెండో సెక్షన్‌కి వెళ్తారు. కొత్తపిల్ల ఒక్కతే ఇటు మిగులుతుంది.

కాగితాలు కట్టకట్టి తీసుకెళ్ళేసరికి పెద్ద టీచరు కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి ఏదో చెబుతోంది. మెడ కదులుతోంది, చెయ్యి ఆడుతోంది. మామూలుగా అయితే ఆమె ఇలాంటప్పుడు "అవునండీ" అనేసి, తర్వాత ఎవరినో అడిగి తెలుసుకునేది.

"ఇటు తిరిగి మాట్లాడండి మేడమ్. నాకు వినపడదు."

పెద్ద టీచరు తిరిగింది. "గట్టిగానే చెబుతున్నానే."

"గట్టిగా చెప్పినా వినపడదు. పెదవులు చూసి పోల్చుకుంటాను."

పెద్ద టీచరు కుర్చీలో కూర్చుంది. కాగితాలు ముందుకి లాక్కుంది గానీ చూడలేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

"పలకలు తెప్పించమని మిమ్మల్ని బతిమాలాను చూడండి, అప్పటినుంచి."

"సూది పడినా వినపడుతుందని ఊరంతా చాటాను నేను," అంది పెద్ద టీచరు. కోపం ఎవరి మీదో ఆవిడకే తెలియనట్టుంది.

"లోటు పిల్లలది కాదు. వాళ్ళకి ఇంగ్లీషు వినిపించినవాళ్ళే లేరు. సెక్షన్ మార్చకండి. నోటితో చెప్పేవాళ్ళని పెట్టి, మళ్ళీ పరీక్షించండి. పైతరగతులకి వెళ్ళినవాళ్ళని కూడా."

"వీళ్ళని ఆపుతాను. మళ్ళీ పరీక్షించేదాకా ఎవర్నీ మార్చను. పైకి వెళ్ళినవాళ్ళంటే..." పెద్ద టీచరు తల దించుకుంది. మిగతా మాట కాగితాల్లోకి పోయింది.

"ఏమన్నారు?"

పెద్ద టీచరు తలెత్తింది. "చూద్దాం అన్నాను."

ఆవిడే మళ్ళీ అంది, ఈసారి ఒక్కో మాటా విడదీసి, "ఈ పూటనుంచే లెక్కల టీచరు మీ క్లాసు చూస్తుంది. మీరు ఇంటికెళ్ళండి. రేపు పుస్తకాల గదికి రండి."

చేతిసంచీ భుజానికి తగిలించుకుని ఆమె వరండాలో నడిచింది. తన తరగతి కిటికీ దగ్గర కాళ్ళు ఆగాయి. లోపల లెక్కల టీచరు ఏదో పలికిస్తోంది. పిల్లలు నిలబడి ఉన్నారు. కొందరి చేతులు ఖాళీ గాలిలో పలక పట్టుకున్నట్టే లేచి, ఏం చెయ్యాలో తెలియక దిగుతున్నాయి. ముందు వరసలో ఒక నోరు తెరుచుకుంది. పక్కనే ఇంకొకటి. తర్వాత వరసంతా. ఎప్పుడూ పలకల వెనక ఉండిపోయిన ఆ నోళ్ళని ఆమె ఇంత దగ్గరగా చూడలేదు. ముందరి పళ్ళు ఊడినవాళ్ళు ఎంతమంది ఉన్నారో! చదవడానికి ప్రయత్నించింది. అందరూ ఒక్కసారి పలకడంతో ఏ మాటా చిక్కలేదు. వాళ్ళ కంట పడకముందే గేటు దాటింది. రోడ్డు దగ్గర ఇటూ అటూ, మళ్ళీ ఇటూ చూసింది.

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఆఫీసు మనిషి తలుపులు వెయ్యడానికి వచ్చాడు. పలకలన్నీ చెక్కపెట్టెలో సర్ది ఉన్నాయి, ఒక్కటి తప్ప. చివరి బెంచీ మీద, గోడకి ఆనించి, టీచరు కుర్చీ వైపు తిప్పి అది నిలబెట్టి ఉంది. పొద్దున టీచరు చూడకుండా మిగిలిపోయిన జవాబు దాని మీద అలాగే ఉంది. కోడి కెలికినట్టున్న ఇంగ్లీషు అక్షరాలు: టీచర్ సుద్దముక్క చప్పుడు.