కౌసర్ గీకిన రంగు

ఆయుధపూజకు కొత్త రంగు వేయించిన పాత పికప్పు చీనీకాయల లోడుతో జమ్మలమడుగు షెడ్డు ముందు ఆగిపోయింది. ప్రొద్దుటూరులో వేలం మొదలయ్యేలోగా చేరాలి. మెకానిక్ ఇనాయతుల్లా చేయి విరిగి కట్టులో ఉంది. కూతురు కౌసరే బండి కిందికి దూరింది.

"డీజిల్ పంపు కాలిపోయింటాదిలేమ్మా," అన్నాడు డ్రైవరు సుబ్బరాయుడు.

"కరెంటొస్తాంది మామా. అయినా తిరగడంల్యా."

ఎర్తు వైరు చూడమనబోయి ఇనాయతుల్లా పెదవి బిగించాడు. కౌసర్ తనంతట తానే ఆ వైరు బోల్టు విప్పింది.

"దీని కింద గూడా రంగేస్తే ఎర్తు ఇనుముకు యాడ తగుల్తాది మామా? పూజ బండికా, బోల్టుకా?"

రంగు గీకి బిగించగానే పంపు గుర్రుమంది.

సుబ్బరాయుడు ఇనాయతుల్లాకు దండం పెట్టాడు. "నీ హస్తవాసి శానా గొప్పది భాయ్!"

ఇనాయతుల్లా కట్టుకట్టిన చేయి చూపించాడు. "నా చెయ్యి ఈడుండాది కదప్పా. దండం నా బిడ్డకు పెట్టు."