కప్పను పట్టిన చేతులు

రక్తపు మరకలున్న దుప్పట్లు ఒక తొట్టిలోకి, చీము అంటినవి ఇంకో తొట్టిలోకి విసురుతూ ఆమె తీరిగ్గా ఆవలించింది. ఆసుపత్రి వెనక బట్టలుతికే గదిలో, పెళ్లయిన కొత్తలో చేరిన పని. ముక్కు మూసుకునే కొత్తవాళ్లను చూస్తే ఆమెకు నవ్వొస్తుంది. వాంతి గట్టిపడిన దిండు గలీబుల్ని ఉత్త చేత్తోనే దులుపుతూ పక్కవాళ్లతో కబుర్లాడుతుంది. వేడినీళ్లకు వేళ్ల చివర్లు ఎప్పుడూ తెల్లగా నానిపోయి ఉంటాయి.

అలాంటి మనిషికి కప్పంటే మాత్రం చచ్చేంత రోత. ఆ జిడ్డు చర్మం, గొంతు కింద టపటపా కొట్టుకునే సంచి, ఎటు చూస్తోందో తెలియని ఆ గుడ్లు. పెరట్లో కప్ప కనిపించిందంటే ఇక గడప దాటదు. తోడికోడలే రావాలి. ఆ చిన్నది చేతులు తడుపుకుని, దాన్ని దోసిట్లోకి తీసుకుని, గోడవారన ఆకుల్లో వదిలేది. ఆ సాయానికి ఈవిడ ఇచ్చిన బహుమానం ఒకటే. "ఆ చేతులతో నా గిన్నెలు ముట్టుకోకు." మొదట నవ్వులాటకే అంది. పోనుపోను అది ఇంటి చట్టమైంది. ముందు చిన్నదాని కంచం వేరైంది, తర్వాత పొయ్యి వేరైంది. ఇవాళ కాపురమే వేరవుతోంది.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి వాకిట్లో సామాన్ల బండి నిండిపోయి ఉంది. మరిది మంచం కాళ్లకు తాడు బిగిస్తున్నాడు. వెళ్లొద్దని ఒక్క మాట అనాలని ఆమె దారంతా అనుకుంటూనే వచ్చింది. కాళ్లు కడుక్కుని వచ్చి అందామని పెరట్లోకి నడిచింది. మెట్టు మీద, సరిగ్గా కాలు పెట్టేచోట, అరచెయ్యంత కప్ప.

"ఏమే, ఓసారి ఇటు రా."

చిన్నది పరుగున వచ్చి కుళాయి కింద చేతులు తడుపుకుంది.

"చూసి నేర్చుకో అక్కా, రేపట్నించి నేనుండను. పొడి చేత్తో పట్టుకుంటే దాని తోలు మండుతుంది. ఉప్పు చల్లకు, చీపురుతో కొట్టకు. అసలు నీ మానాన నువ్వుంటే దారి చూసుకుని అదే పోతుంది."

"ఛీ, దాని మీదెంత ప్రేమో. ముందు అవతల వదిలిపెట్టు."

కప్పను ఆకుల్లో దించి వచ్చి, చిన్నది వీడ్కోలుకు రెండు చేతులూ చాపింది. వేళ్ల మధ్య జిగట మెరిసింది. పెద్దది ఏమీ ఆలోచించలేదు. ఒక అడుగు వెనక్కి వేసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"కడుక్కుంటాలే అక్కా." చిన్నది నవ్వేసి కుళాయి దగ్గర కూర్చుంది. మోచేతుల దాకా రుద్దింది, నీళ్లు పోసుకుని మళ్లీ రుద్దింది.

పెద్దది తన వేళ్లవంక చూసుకుంది. పొద్దున్నుంచీ ఊరి జనం చీమూ నెత్తురూ వీటి మీదే. పొయ్యి వేరయ్యేదాకా ఈ చేతులతో పెట్టిన అన్నాన్ని ఆ పిల్ల ఒక్కనాడూ మొహం చిట్లించకుండా తింది. అది ఇన్నాళ్లకు తట్టేసరికి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

"చాల్లేవే, ఇలా రా," అంటూ చేతులు చాపింది.

అప్పుడే బండి హారన్ మోగింది. ఆ మోతలో మాట కలిసిపోయింది. చిన్నది లేచి, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ సందులోకి పరుగెత్తింది.

"దగ్గరికి రానులే అక్కా, చీరక్కూడా అంటుకుందేమో. వెళ్లొస్తా."

ఆమె వాకిట్లోకి వచ్చేలోపే బండి వీధి మలుపు తిరిగిపోయింది. పారుతున్న కుళాయి కట్టేయడానికి పెరట్లోకి వెళ్లింది. పక్కనే బండ మీద నురగ ఆరని సబ్బుబిళ్ల, దాని మీద నాలుగు వేళ్ల గుంటలు.