సరంగు బండెక్కిన రోజు

నూకయ్య వ్యాన్ ముందు అద్దాన్ని రెండోసారి తుడుస్తున్నాడు. మొదటిసారి తడిగుడ్డతో, రెండోసారి పాత బనీనుతో. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. అద్దం అయ్యాక తలుపుల పిడులు, ఆ తరవాత సీట్లు. సీట్లు తుడిచాక లోపలికి తల పెట్టి గట్టిగా వాసన చూశాడు. ఈ వాసన చూడడం మాత్రం కొత్త అలవాటు. నలభై రోజుల కిందట మొదలైంది. లోపల పెట్రోలు వాసన ఏ కొంచెం ఉన్నా పిల్లిపిల్ల తుమ్మి దిగిపోతుంది.

అతను పొట్టి మనిషి. యాభై నాలుగేళ్ళు ఉంటాయి. కిటికీ మీద పెట్టి పెట్టి కుడి మోచేయి ఎండకు కమిలి, ఎడమ చేతికన్నా నల్లగా ఉంటుంది. సిప్పీఘాట్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి పొద్దున రెండు ట్రిప్పులు, సాయంత్రం రెండు. టీచర్లనీ, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళనీ, కూరగాయల బుట్టలనీ మోస్తాడు. ఊళ్ళో ఎవరూ అతని గురించి ప్రత్యేకంగా చెప్పుకోరు. బండి వేళకు వస్తుందని మాత్రం చెప్పుకుంటారు.

వంటింటి గుమ్మంలోంచి భార్య కళ తొంగి చూసింది.

“ఏటి, బండికి పెళ్ళి సేత్తన్నావా? ఇంక సాలు, అద్దం అరిగిపోద్ది.”

“ఈయాల అయ్య కూకుంటాడు కదే.”

“కూకున్నాక సూద్దాం. నిన్నా అదే పాట. సరంగు ఎక్కితేనే నానెక్కుతానని.”

సరంగు అంటే పడవ నడిపే పెద్ద. ఆ ఇంట్లో మాత్రం అది ఒక బూడిదరంగు పిల్లిపిల్ల పేరు. దాని ఎడమ చెవికి కొన లేదు.

అది వాన పట్టిన నెలలో వచ్చింది. వెచ్చగా ఉంటుందని రాత్రి వ్యాన్ కిందినుంచి ఇంజన్ పక్క సందులోకి దూరింది. నూకయ్యకు తెలియక పొద్దున్నే బండి తీశాడు. చాతం రేవు దగ్గర ఆపాక ముందు సీటు కిందినుంచి సన్నగా ఏడుపు వినిపించింది. సీటు ఎత్తి చూస్తే ఇంజన్‌కి అంటుకుని, వణుకుతూ, చెవి కాలిపోయి ఉంది. దాన్ని టోపీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

నూకయ్య తండ్రి బంగారురాజు దాన్ని చూడగానే ముఖం తిప్పుకున్నాడు. వేటకు వెళ్తుంటే పిల్లి ఎదురొస్తే వల భుజాన వేసుకుని వెనక్కి వచ్చేసిన మనిషి ఆయన. బతుకంతా అంతే. “ఒగ్గీ దాన్ని బయట” అన్నాడు. మూడో రోజుకి అది ఆయన రొమ్ము మీద పడుకుంది. ఆయన ఆయాసపడుతుంటే అది కూడా పైకీ కిందికీ కదిలేది. “ముసిలోడి రొమ్ము పడవలాగ ఊగుతాది. అందుకే ఎక్కింది” అంది కళ. ముసలాయన నవ్వి, ఆ రోజే దానికి సరంగు అని పేరు పెట్టాడు.

ఆయనకు ఎనభై దాటాయి. గుండె బలహీనపడి కాళ్ళలోకి నీరు దిగింది. నెలకోసారి తీసుకురమ్మన్నారు పెద్దాసుపత్రిలో. ఒకసారి అంబులెన్సులో వెళ్ళి వచ్చాక ఇక కదలనన్నాడు. ఒక నెల తేదీ దాటిపోయింది. రెండోది ఈరోజు. ఇదీ దాటితే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని, అప్పుడు తమ చేతుల్లో ఉండదని డాక్టరు చెప్పి పంపాడు.

“నా బండిలో పోదాం అయ్యా” అని నూకయ్య అడిగినప్పుడు ముసలాయన రొమ్ము మీది పిల్లిని నిమురుతూ అన్నాడు: “సరంగు ఎక్కితే నానెక్కుతాను.”

ఎక్కదని తెలిసే అన్నాడు. ఇంజన్ చప్పుడు వింటే చాలు, అది పోకతోటలోకి పారిపోయేది. ఆ మాటలో ఉన్నది పిల్లి కాదని నూకయ్యకు తెలుసు. ఇరవై రెండేళ్ళలో తండ్రి అతని వ్యాన్‌లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. బస్సు కోసం గంటసేపు ఎండలో నిలబడేవాడు గాని కొడుకు బండి పక్కనే ఆగినా చూసేవాడు కాదు.

అయినా నూకయ్య ఆ మాటను మాటగానే తీసుకున్నాడు.

మొదటి వారం బండి కదలలేదు. మధ్యాహ్నం పూట తలుపులు తెరిచిపెట్టి, ముందు సీటు మీద తండ్రి తువ్వాలు పరిచి, దాని మీద వేలెడంత ఎండు నెత్తళ్ళ చేపలు రెండు పెట్టేవాడు. అది రాలేదు. తువ్వాలు ఉంటే చాలదు, మనిషి ఉండాలి. “నువ్వొచ్చి కూకుంటే వత్తాది” అన్నాడు నూకయ్య. ముసలాయన గోడ పట్టుకుని వచ్చి, సీటు అంచున పక్కకు తిరిగి కూర్చున్నాడు. కాళ్ళు మాత్రం బయట నేల మీదే ఉంచాడు. పిల్లి ఎక్కింది.

రెండో వారం ఇంజన్ వేసి పది లెక్కపెట్టేలోపు ఆపాడు. అది దూకి పారిపోయి మూడు రోజులు బండి దరిదాపులకు రాలేదు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈసారి మూడు లెక్కపెట్టి ఆపాడు. ఆపగానే ముసలాయన పిడికిలి తెరిచేవాడు. అందులో ఒక ఎండు చేప. ఇంజన్ ఆగితే పిడికిలి తెరుచుకుంటుందని దానికి అర్థమయ్యాక పని కొంచెం తేలికైంది. కళ పెట్టినా తినదు, నూకయ్య పెట్టినా తినదు. ఆ పిడికిలే కావాలి.

తరవాత గేటు దాకా, కల్వర్టు దాకా, వ్యవసాయ ఫారం మలుపు దాకా. బండి కదిలేటప్పుడు ముసలాయన దిగిపోయి అరుగు మీద కూర్చునేవాడు. నూకయ్య ఒక్కడే పిల్లిని బుట్టలో పెట్టి, పక్కన చెట్లు పరిగెత్తడం కనబడకుండా పైన గుడ్డ కప్పి, నడక కన్నా నెమ్మదిగా వెళ్ళి వచ్చేవాడు. మలుపు దగ్గర అది కక్కుకుంది. ఆ రోజునుంచి బయలుదేరే ముందు దానికి తిండి పెట్టనివ్వలేదు.

ఈ సంగతులు అతనికి ఎవరూ నేర్పలేదు. కాళ్ళ కింద నేల కదిలితే ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

పన్నెండేళ్ళప్పుడు తండ్రి అతన్ని జంగ్లీఘాట్ నుంచి పడవ మీద వేటకు తీసుకెళ్ళాడు. బలం రావాలని తల్లి కడుపునిండా గంజి పోసి పంపేది. రేవు దాటగానే అదంతా బయటికొచ్చేది. అలవాటవుతుందని తండ్రి దోసిలితో సముద్రపు నీళ్ళు తాగించేవాడు. పక్క పడవల వాళ్ళు నవ్వేవారు. నాలుగు రోజులు అలా జరిగింది. ఐదో రోజు పొద్దున అతను వల మోసుకుని రేవుకు వెళితే తండ్రి వల మాత్రం తీసుకుని పడవ తోసేశాడు. “నువ్వు నేల మీదే ఉండు” అన్నాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఆ తరవాత ఎప్పుడూ పిలవలేదు కూడా. నూకయ్య లారీలు కడిగాడు, క్లీనరయ్యాడు, డ్రైవరయ్యాడు. పెళ్ళయింది. తండ్రి పడవ పాతబడి రేవులోనే ముక్కలైంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ వానల గురించి, చేపల ధరల గురించి మాట్లాడుకున్నారు.

ఆరున్నర అయింది. తోటలో పోకచెట్ల ఆకుల మీదినుంచి రాత్రి వాన ఇంకా కారుతోంది. బంగారురాజు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని బయటికొచ్చాడు. చంకలో పిల్లి. పై జేబు ఎత్తుగా ఉంది, నెత్తళ్ళ పొట్లం. కళ వెనకే మందుల సంచి పట్టుకుని వచ్చింది.

ముసలాయన వ్యాన్ తలుపు దగ్గర ఆగాడు. పిల్లిని సీటు మీద వదిలాడు. అది తువ్వాలు వాసన చూసి, రెండు చుట్లు తిరిగి కూర్చుంది. ఇక ఆయన వంతు. తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తరవాత ఒక కాలినుంచి చెప్పు వదిలాడు. రెండో కాలినుంచి కూడా వదిలాడు. వంగలేక, పాదంతోనే ఆ రెండింటినీ పక్కపక్కకు జరిపాడు.

“మావయ్యా, సెప్పులేసుకోండి, ఆసుపత్రి గచ్చు సల్లగుంటాది” అంది కళ.

“పడవెక్కినప్పుడు సెప్పులేసుకుంటారేటే?” అని ఆయన కాళ్ళు లోపల పెట్టాడు. కళ మందుల సంచి సీటు పక్కన పెట్టి, వెనక్కి జరిగి అరుగు దగ్గర నిలబడింది.

స్టీరింగ్ దగ్గర కూర్చున్న నూకయ్య ఆ మాట విన్నాడు. తాళం రెండుసార్లు తప్పు తిప్పి మూడోసారికి బండి స్టార్ట్ చేశాడు.

రోడ్డు మీద కమలాకుమారి టీచరు ఎక్కింది. ఆమె రోజూ చాతంలో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ బడికి వెళుతుంది. వెనక సీట్లో కూర్చుని, ముందుకు వంగి చూసి ఉలిక్కిపడింది.

“అరె! నూకయ్య భయ్యా, పొద్దున్నే పిల్లి మొహం చూపించారేంటి? ఇవాళ మా ఇన్‌స్పెక్షన్!”

“పిల్లి ఎదురొత్తే కదమ్మా దోసం. మనతో కూడా వత్తంటే దోసమేటి?” అన్నాడు ముసలాయన.

“అయితే తాతగారూ, దీనికి టికెట్ తీశారా?”

“ఇదే సరంగు. సరంగుకి టికెట్టేటమ్మా?”

టీచరు గట్టిగా నవ్వింది. నూకయ్య నవ్వలేదు. అతని చెవులు రెండూ పిల్లి మీదే ఉన్నాయి. మునిగిపోయిన పొలాల్లో నిలిచిన నీళ్ళు కుడిపక్క మెరుస్తున్నాయి. గతుకుల దగ్గర గేరు తగ్గించి, మలుపుల దగ్గర బండిని నీళ్ళ కుండలా తిప్పాడు. ఫారం మలుపు దాటింది. పిల్లి కక్కలేదు. లారీ ఒకటి హారన్ కొట్టి పోయింది. చెవులు వెనక్కి పెట్టింది గాని ఏడవలేదు. ఊళ్ళోకి వచ్చాక ముసలాయన తొడ మీదినుంచి లేచి, ముందు కాళ్ళు కిటికీ అంచున పెట్టి, కాలిన చెవి గాలికి అదురుతుండగా బయటికి చూడడం మొదలుపెట్టింది. నలభై రోజుల్లో అది బయటికి చూడడం అదే మొదలు.

“సూసావా, సూత్తంది!” అన్నాడు బంగారురాజు. తను కూడా చూస్తున్నాడు.

చాతంలో వంతెన దాటి, రేవు దగ్గర నూకయ్య ఇంజన్ ఆపాడు. పిల్లి వెంటనే తిరిగి ముసలాయన పిడికిలి మీద కాలు వేసింది. పిడికిలి తెరుచుకుంది. అది తలకాయతో మొదలుపెట్టి చేప మొత్తం నమిలింది.

“మీ పిల్లి పాసయిపోయింది భయ్యా. ఇక నేను పాసవ్వాలి” అని టీచరు గొడుగు తీసుకుని ఫెర్రీ వైపు పరిగెత్తింది.

పాత కోత మిల్లు వైపునుంచి తడి చెక్క వాసన వస్తోంది. ఎదురుగా నీళ్ళు. తండ్రి దిగమంటాడేమో అని నూకయ్య చూశాడు. ఆయన దిగలేదు.

“ఊరొగ్గీసొచ్చి ఓడ దిగింది ఇక్కడే. పదిహేడేళ్ళు నాకు” అన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. “మూడు రోజులూ కక్కుతానే వచ్చాను. ఎవుడికీ సెప్పలేదు.”

నూకయ్య స్టీరింగ్ మీద చెయ్యి తీయలేదు. ఫెర్రీ కూత వేసి కదిలింది. దాని వెనక తెల్లటి నురగ విడిపోయి, మళ్ళీ కలిసిపోయింది.

“నీకు నాలుగు రోజులే ఇచ్చాను” అన్నాడు ముసలాయన నీళ్ళ వైపే చూస్తూ. “దీనికి నలభై ఇచ్చావు నువ్వు.”

నూకయ్య కిటికీ వైపు చెయ్యి చాచాడు. “కిటికీ అద్దం ఇంకొంచెం దించనా అయ్యా? గాలొత్తాది” అన్నాడు.

“దించు.”

దించాడు.

“పద. డాట్రు కాసుకుని ఉంటాడు” అని ముసలాయన జేబులోంచి ఇంకో చేప తీసి పిడికిట్లో పెట్టుకున్నాడు. పిల్లి తొడ మీద చుట్టుకుంది. ఆయన తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. “బాగా తోల్తావురా” అన్నాడు, వంతెన మీద ఉండగా.

ఆ తరవాత ఆయన మాట్లాడలేదు. నిద్రపట్టిందనుకుని నూకయ్య ఇంకా నెమ్మదిగా నడిపాడు. వెనక ఆటోలవాళ్ళు హారన్లు కొట్టినా పక్కకు తప్పుకుని వాళ్ళను పోనిచ్చాడు.

ఆసుపత్రి ఆవరణలో బాదంచెట్టు నీడన ఇంజన్ ఆపాడు. పిల్లి లేచింది. ఒళ్ళు విరుచుకుని, పిడికిలి మీద కాలు వేసింది. ఎదురుచూసింది. మళ్ళీ వేసింది. తల పైకెత్తి ముసలాయన ముఖంలోకి చూసి చిన్నగా అరిచింది.

నూకయ్య తండ్రి మణికట్టు పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది. రొమ్ము వైపు చూశాడు. అది ఊగడం లేదు.

దిగి పరిగెత్తాడు. స్ట్రెచర్ తెచ్చారు, లోపలికి తీసుకెళ్ళారు. డాక్టరు చూడవలసినవన్నీ చూసి, బయటికొచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా హిందీలో చెప్పాడు. దారిలోనే అయిపోయిందన్నాడు. బాధ తెలిసి ఉండదన్నాడు. నూకయ్య తల ఊపాడు. తరవాత తండ్రి పక్కన కూర్చుని, ఇంకా మూసే ఉన్న ఆ పిడికిలి వేళ్ళను ఒక్కొక్కటీ తెరిచాడు. చేప నలిగి ఉంది.

ఆసుపత్రి మనిషి ఒకడు వచ్చి, చొక్కా, మందుల సంచి అప్పగిస్తూ చెప్పులేవని అడిగాడు: “చప్పల్ కహాఁ హై, భయ్యా?”

“ఘర్ పే. ఇంటికాడున్నాయి” అన్నాడు నూకయ్య.

కళకు ఫోన్ చేశాడు. తండ్రిని వేరే బండిలో తెస్తామన్నారు. ముందు వెళ్ళి వాకిలి సర్దాలి. వ్యాన్ తలుపు తెరిస్తే పిల్లి తువ్వాలు మీద కూర్చునే ఉంది. ఆ నలిగిన చేప దాని ముందు అరచేతిలో పెట్టాడు. చాలాసేపు వాసన చూసి, అది మొదటిసారి అతని చేతిలోంచి తిన్నది.

సిప్పీఘాట్ దాకా అది ఏడవలేదు. గేటు తెరిచే ఉంది, కళ అరుగు మీద కూలబడి ఉంది. నూకయ్య బండిని రోజూ నిలిపే చోటికి తీసుకెళ్ళలేదు. రోడ్డు మీదే ఆపి దిగి, గేటు దగ్గర నిలబడిపోయాడు. వాకిట్లో తడిమట్టి మీద పొద్దున్నటి టైరు గీత, దాని పక్కనే మడమల దగ్గర అరిగిన నీలం రబ్బరు చెప్పులు, ఒకదాని తెగిన పట్టీకి వల దారంతో వేసిన కుట్టు, వేళ్ళ వైపు బండి నిలిచిన చోటికే తిరిగి ఉన్నాయి.